కరువేడాది బాప్తిస్మం

నల్లమాడ దగ్గరి ఒక పల్లె సంఘానికి నన్ను పాస్టరుగా ఒక ఎండాకాలంలో బదిలీ చేశారు. ఆరాధన జరపడం, రోగులను చూడడం, పెళ్లిళ్లు, సమాధి కార్యక్రమాలు నా విధులు. దేవుని రక్షణ పిలుపుకు ఒప్పుకున్నవారికి బాప్తిస్మం ఇవ్వడం వాటిలో ముఖ్యమైనది. మా పద్ధతిలో మనిషిని నీళ్లలో పూర్తిగా ముంచాలి. చిలకరిస్తే చెల్లదు.

గొర్రెలు కాసే ఓబులేసు, అతని అన్న గంగులప్ప ఆరాధనకు వచ్చి తలుపు దగ్గర కూర్చునేవారు. ప్రభువు పిలుస్తున్నాడు, ఈ రోజే రండి అని నేను అడిగేవాణ్ణి. "శెనక్కాయలు ఇంటికి రానీయండయ్యా" అనేవారు ఇద్దరూ. కొన్నేళ్లు ఇలాగే గడిచాయి.

వానలు బొత్తిగా తప్పిన ఏడాది ఓబులేసు ఒక్కడే మా ఇంటికి వచ్చి బాప్తిస్మం ఇమ్మన్నాడు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"బాగుండాదయ్యా. బాగుండంగానే వస్తాండా. మంచం పట్టినంక వస్తే సావుకు బయపడి వచ్చినట్లయితాది."

మేం బాప్తిస్మాలిచ్చే కుంట ఎండిపోయింది, వానలు పడ్డాక ఇస్తానన్నాను.

"ఇన్నేండ్లు ఈ పొద్దే రమ్మంటిరి. వస్తే వానలు పడనీ అంటాండారే!"

సరేనన్నాను. నియమం ప్రకారం అతన్ని సంఘ పెద్దల ఎదుట నిలబెట్టి, ఏం నమ్ముతున్నావని అడిగాం. "నా పాపాల కోసం యేసు సచ్చినాడు, మళ్లా లేసినాడు. నన్ను పిలిచినాడు. నేనే ఇన్నినాళ్లు పలకలేదు" అన్నాడు. పెద్దలు ఒప్పుకున్నారు.

ఊరి బయట చీనీ (బత్తాయి) తోటలో నీళ్లు నిలవచేసే సిమెంటు తొట్టి ఉంది. తోట రైతు మా మతస్థుడు కాడు. అడిగితే, "మునగనీయప్పా. సాయంత్రం చెట్లకే కదా ఇడిసేది" అన్నాడు. నీళ్లు నడుము దాకా కూడా లేవు. ఓబులేసు మోకాళ్ల మీద కూర్చుంటే వెనక్కి వాల్చి ముంచాను. గంగులప్ప తొట్టి పక్కన నిలబడి తమ్ముడి పొడి పంచె పట్టుకున్నాడు. వచ్చే ఏడు తానూ వస్తానన్నాడు.

మరుసటేడు వానలు పడ్డాయి, పంటా వచ్చింది. గంగులప్ప మాత్రం రాలేదు. ఆ చలికాలంలో పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ఓబులేసు కబురు పెడితే వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, అంతకు ముందు ఎన్నోసార్లు చెప్పిన మాటనే చెవి దగ్గర మళ్లీ చెప్పాను. గంగులప్ప నా వైపు చూశాడు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. తెల్లవారేసరికి పోయాడు.

"అన్న లోపల పలికింటాడా అయ్యా?" అని అడిగాడు ఓబులేసు. అది పిలిచినవానికే తెలుసునన్నాను. అంతకు మించి చెప్పే అధికారం నాకు లేదు.

దేవుని దయకు గడువు పెట్టడం పాస్టరు పని కాదు. అయితే జవాబు చెప్పే శక్తి మనిషికి ఎంతకాలం ఉంటుందో ఎవరూ చెప్పలేరు. ఆ తర్వాత నా సర్వీసులో, వస్తామన్నవాళ్లను ఏ కారణంతోనూ ఆగమని అనలేదు.