మా అవ్వ సంతకు తెచ్చిన ముద్ద

కూరగాయల దుకాణంలో ప్లాస్టిక్ కవరు గరగరమన్నప్పుడల్లా నాకు చిన్నప్పుడు కంభంలో మా అవ్వ పెంచిన ఎర్రమేక గుర్తొస్తుంది. దాని పొట్ట ఉబ్బడం చూసి, ఈసారి రెండు పిల్లలని వీధంతా చాటాను. వాటికి పేర్లు కూడా పెట్టేశాను. మేక మేత మానేసింది. ఒక పొద్దున చచ్చిపడి ఉంది. మా నాయన పొట్ట కోస్తే పులిసిన కంపుతో, తాడులా పెనవేసుకున్న కవర్ల ముద్ద బయటపడింది.

"నా పిల్లలేవి?" అని ఏడ్చాను.

అవ్వ ఆ ముద్దను కడిగి ఎండబెట్టింది. సంత రోజున నన్ను వెంటబెట్టుకొని పోయి, కూరగాయలు అమ్మేవాళ్ళ వరసలో గోనె పరిచి, దాన్ని ముందు పెట్టుకొని కూర్చుంది.

"ఏంది పెద్దమ్మా, ఇది అమ్ముతావా?" అని వంకాయలాయన నవ్వాడు.

"అమ్మేదానికి కాదయ్యా. సంత అయినాక మీరు పారేసి పోయినవే ఇవి. నా మేక కడుపులో దొరికినాయి. మీవి మీకిచ్చి పోదామని వచ్చినా."

ఆయన నవ్వు ఆగిపోయింది. చుట్టూ జనం మూగారు. నేను ఏడుపు మరిచిపోయి, అవ్వను ఆనుకొని తలెత్తుకు కూర్చున్నాను.

సంతలో కవర్లేమీ ఆగిపోలేదు. కానీ ఆ తర్వాత మా అవ్వ వస్తే మాత్రం కవరు మీద ఎవరి చెయ్యీ పడేది కాదు. ఆమె కొంగు పట్టగానే, తూచిన వంకాయలు నేరుగా అందులోకే జారేవి.