ఎవరూ లేని దీవి మీద ఒక నెల వంట పందెం

పని కోసం వచ్చిన ఈ అభా పట్టణంలో, మా గదిలో వంటకు వంతులుంటాయి. వంటంటే నాకు చచ్చేంత బద్ధకం. అందుకే టీ తాగుతూ యాదన్నతో పందెం కాశాను. యాదన్న జగిత్యాల వైపు మేస్త్రీ, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడి కూలీల క్యాంపుల్లోనే ఉన్నాడు. ఎర్రసముద్రంలో కుదుంబుల్ అనే అగ్నిపర్వతపు దీవి ఉందనీ, అక్కడ ఎవడూ ఎన్నడూ బతకలేదనీ నేనన్నాను. "మనిషి యాడనన్నా బతుకుతడు తమ్మీ" అన్నాడాయన. ఓడినవాడు నెలంతా వండాలి.

శుక్రవారం తెల్లారుతూనే కారులో బయల్దేరాం. అభా చలికి వేసుకున్న స్వెటర్లు సొరంగాల ఘాట్ రోడ్డు దిగేసరికి విప్పేశాం. దర్బ్ ఊరు దాటి తీరం వెంట ఉత్తరానికి తిరిగితే, దీవికి పడవలు దొరికే అల్ ఖహ్మా వస్తుంది. మాకు మూడు గంటలు పట్టింది. దారి పక్కన నల్లటి లావా సముద్రం దాకా పాకి, నీళ్లను చూసి జడిసినట్టు ఆగిపోయింది. తీరం చౌకీలో ఇఖామాలు, అంటే మా నివాస కార్డులు, చూపించి అనుమతి తీసుకున్నాం. పడవ నడిపే రఫీక్ బంగ్లాదేశ్ మనిషి. రానుపోను మూడు వందల రియాళ్లన్నాడు, బేరమాడితే యాభై తగ్గాడు.

దూరం నుంచి దీవి బోర్లించిన మసి కుండలా ఉంది. దగ్గరికెళ్తే పొరలు పొరలుగా గడ్డకట్టిన బూడిద. చెట్టు లేదు, వాగు లేదు, పక్షుల గోల తప్ప ఇంకేమీ లేదు.

"అన్నా, లోపల ఇంకా నిప్పుందట. చెయ్యి పెట్టి చూడు" అన్నాను.

యాదన్న ఎండకు కాలిన రాయి మీద అరచెయ్యి ఆనించి ఎగిరి గంతేశాడు. "ఓర్నాయనో! ఇంక సల్లారలేదుర బై!" రఫీక్ కడుపు పట్టుకుని నవ్వాడు.

నా నవ్వు మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. మలుపు తిరగగానే పాత రాతి గోడలు కనిపించాయి. యాదన్న వాటిని తట్టి, "వండుడు షురూ చెయ్" అన్నాడు. వెనకటికి ఓడల కోసం ఇక్కడ బొగ్గు దాచేవారని, కాపలావాళ్లు ఉండేవారని రఫీక్ హిందీలో చెప్పాడు. "లేకిన్ పానీ నహీ, భాయ్. పానీ పడవల్లో వచ్చేదట."

నాకు ప్రాణం లేచొచ్చింది. "విన్నావా అన్నా? నీళ్లు బయటినుంచి తెచ్చుకుని, డ్యూటీ చేసి పోయేవాళ్లు బతికినట్టెట్లయితది? పందెం నాదే!"

యాదన్న గోడ మీదే కూర్చున్నాడు. "మన క్యాంపుల బోరేసినవార నువ్వు? టాంకర్ నీళ్లే గద తాగుతున్నం. మరి నేను ఇన్నేండ్లు బతికినట్టా, బతకనట్టా?"

సముద్రం వైపు తిరిగి అడిగాడు. తిరుగు పడవలో, "ఉప్పు ఎంతెయ్యాల్నో చెప్పు అన్నా" అన్నాను. ఆయన నవ్వాడు.

ఊరంటే బావి, చెట్టు, గుడి ఉండాలనుకునేవాణ్ని. పొయ్యి రాజేసుకుని నలుగురు తిన్న చోటు కూడా ఊరేనేమో అనిపిస్తోంది ఇప్పుడు. నెల వంట నాదే. మొదటి రోజు యాదన్న పప్పులో కారం రెండింతలు వేశాను, అది వేరే సంగతి. మీరు వెళ్తే తాగునీళ్లు అల్ ఖహ్మాలోనే నింపుకోండి. దీవిలో చుక్క దొరకదు. ఆ కాపలావాళ్లలాగే మనమూ మోసుకుపోవాల్సిందే.