చింతగింజల గంజి పెట్టిన కోటు

మా బావ మల్కయ్య గురించి చెప్పాలంటే ముందు నా గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఆ కోటు ఎంచింది నేనే. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. గొర్రెల సంఘానికి రెండుసార్లు అధ్యక్షుడిగా గెలిచాను. మా వాడకు నీళ్ల పైపు తెచ్చాను. మా కులంలో కోటు తొడిగి ఫోటో దిగిన మొదటివాణ్ణి కూడా నేనే. కోటు స్టూడియోవాళ్లది, కానీ ఫోటో నాది.

మల్కయ్య నా చెల్లెలు దేవమ్మ భర్త. బతుకంతా గొర్రెలు కాశాడు. కిష్టారెడ్డిపేటలో ఆయన మంద మేసిన చెలకలోనే ఇప్పుడు అపార్ట్‌మెంట్ లేచింది. భూమి ఇచ్చినందుకు బిల్డర్ నాలుగు ఫ్లాట్లు ఇచ్చాడు. గొర్రెలు పోయాయి గానీ అలవాటు పోలేదు. వచ్చేదీ పోయేదీ కనబడే చోట కూర్చోవడం కాపరి పద్ధతి. అందుకని పొద్దున్నే తలమీదుగా గొంగడి కప్పుకొని గేటు పక్కన కూర్చునేవాడు. ఆ బిల్డింగుకు వాచ్‌మన్ లేడు. ఫ్లాట్లవాళ్లు అంతకుమించి ఆలోచించలేదు. "తాతా, ఈ పార్సిల్ పైకి తీసుకురా" అనేవారు. ఆయన తీసుకుపోయి ఇచ్చేవాడు. ఇచ్చి, నా దగ్గరికొచ్చి కుమిలేవాడు.

"నా భూమిల నాతోనే మోపిస్తున్నరు బావా. ఆయితారం బిల్డింగోళ్ల మీటింగున్నది. ఆడనన్న నన్ను ఓనర్ లెక్క సూడాలె."

"ఓనర్‌నని చెప్పరాదు?"

"సెప్పుకునుడేంది? సూస్తెనే తెల్వాలె."

"అయితే గొంగడి తీసెయ్. కోటు కొందాం పా."

పటాన్‌చెరు సంతలో మహబూబ్ చలికాలమంతా పాత విలాయతీ కోట్లు కుప్పపోసి అమ్ముతాడు. అడుగున ఉన్నదాన్ని నేనే లాగాను. దొడ్డు ఉన్ని, మట్టిరంగు, మోచేతుల మీద తోలు ముక్కలు.

"దీన్ని ట్వీడ్ అంటరు చాచా. ఆ దేశంల దొరలు పొలంకాడికి పోతె గిదే ఏసుకుంటరు" అన్నాడు మహబూబ్.

మల్కయ్య రెండు వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు. "దొరలదేంది, గొర్రె బొచ్చే గద. గొంగడికి చేతులు కుట్టిండ్రు." అంతటితో ఆగకుండా, గొంగడిని పరీక్షించినట్టే కోటును దొన్నెలా పట్టుకొని అందులో దోసెడు నీళ్లు పోశాడు. కారలేదు.

"తడిపినంక ఇగ నీదే చాచా" అన్నాడు మహబూబ్.

ఇంటికి తెస్తే దేవమ్మ ముఖం చిట్లించింది. "ఇంత మెత్తగున్నదేంది అన్నా? గంజి వెట్టకుంటనే అమ్మిండా?"

మా ఇళ్లలో కొత్త గొంగడికి చింతగింజల గంజి పట్టించనిదే ఒంటిమీద వేసుకోరు. గంజి పడితేనే గాలీ వానా ఆగుతాయి. మీటింగుకు ముందురోజు, మా ఇద్దరికీ చెప్పకుండా, దేవమ్మ గింజలు వేయించి, దంచి, ఉడికించి, కోటుకు లోపలా బయటా కుంచెతో పట్టించింది. తెల్లారి డాబా ఎక్కి చూస్తే కోటు తనంత తానే నిలబడి ఉంది.

"దీంట్లకు ఎట్ల పోవాలె?" అన్నాడు మల్కయ్య.

"అది నిలవడ్డది. నువ్వు దూరు" అంది దేవమ్మ.

దూర్చాం. చేతులు వంగవు, నడుము వంగదు. మందవెంట తిరిగి తిరిగి వచ్చిన గూని ఒక్క పూటలో మాయమైంది. మీటింగులో మమ్మల్ని చూడగానే ఫ్లాట్లవాళ్ల సంఘం సెక్రటరీ నిషిత లేచి నిలబడింది. ఐటీ ఆఫీసులో పనిచేసే పిల్ల. "రండి సార్, ముందుకొచ్చి కూర్చోండి" అని టీ ఇప్పించింది. మల్కయ్య చేయి నోటిదాకా రాక నేనే తాగించాను. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. నేను మీసం దువ్వుకున్నాను. కోటు ఎంచింది ఎవరు మరి.

"సెక్యూరిటీ ఏజెన్సీ నుంచి సూపర్‌వైజర్ని పంపమని బిల్డర్‌ని ఎప్పట్నుంచో అడుగుతున్నాం, ఇన్నాళ్లకు మీరొచ్చారు సార్" అంది నిషిత. "మీ వాచ్‌మన్ గురించే. గొంగడి కప్పుకొని గేటు దగ్గర కూర్చుంటాడే, ఆ తాత. పార్సిల్ తెమ్మంటే మూతి ముడుచుకుంటాడు. దసరాకి మామూలు ఇస్తే కోపంగా చూశాడు. ఆయన్ని మార్చేయండి సార్."

సర్వే నంబరుతో సహా అసలు సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. మల్కయ్య మోకాలితో పొడిచాడు. చేయి వంగితే చేత్తోనే పొడిచేవాడు.

"శానా పరేషాన్ చేసిండా బిడ్డా?" అన్నాడు నిదానంగా.

"చాలా సార్."

"తీసేస్తున్న. రేపటి సంది ఆడ కూసోడు."

అందరూ చప్పట్లు కొట్టారు. రెండు ఎన్నికలు గెలిచిన నాకే అన్ని చప్పట్లు పడలేదు.

ఆ తర్వాత ఆయనకు ఎవరూ పార్సిల్ చెప్పలేదు. లిఫ్టులో జరిగి చోటిస్తున్నారు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయింది, కోటు మాత్రం వెళ్లలేదు. మొన్న మిట్టమధ్యాహ్నం మేమిద్దరం గేటులోకి వస్తుంటే నిషిత కారు అద్దం దించింది.

"సార్, కొత్త వాచ్‌మన్ ఎప్పుడొస్తాడు?"

"దొరుకుతలేడు బిడ్డా. మంచోడు దొరకాలె గద" అన్నాడు మల్కయ్య, గడ్డం మీంచి చెమట కారుతుండగా.

కారు పోయాక, "ఇగనన్న ఇప్పు బావా. ఓనర్‌వని నేను చెప్త" అన్నాను.

"ఇప్పితె మల్ల పార్సిల్ మోయాలె."

ఇంట్లోకి రాగానే దేవమ్మ ఆయన కాలరు పట్టి నలిపి చూసింది. చెమటకు మెత్తబడిందని గొణుక్కుంటూ, చింతగింజలు వేయించడానికి పొయ్యి వెలిగించింది.