గడప దాటని అర్జీ

మా నాయనది సంగారెడ్డిలో కిరాణా దుకాణం. అక్కడ ఒకటే నియమం: సరుకు గల్లా ముందరే చూసుకోవాలి, గడప దాటిందంటే మాది కాదు. పప్పులో పురుగుందని ఎవరైనా తిరిగొస్తే నాయన పేచీ పెట్టుకునేవాడు కాదు. ఆ మనిషి కనబడనట్టే పక్కవాడికి బెల్లం తూచేవాడు. నాకు చదువు అబ్బక పటాన్‌చెరులో డీటీపీ, జిరాక్స్ దుకాణం పెట్టుకున్నప్పుడు ఆ నియమాన్నీ వెంట తెచ్చుకున్నాను. పని తెర మీద చూపించి, "బరాబర్ ఉందా?" అని అడిగేవాణ్ణి. ఆ తర్వాత నాకు సంబంధం లేదు.

ఇస్నాపూర్ అవతలి పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. భర్త పోయి ఏడాదైంది. ఫ్యాక్టరీల మురుగుకు ఊరి బావుల్లో నీళ్ళు చెడిపోయాయని మొట్టమొదట అర్జీ పెట్టింది ఆయనే. ఆయనదీ, ఆ తర్వాత ఊరివాళ్ళు పెట్టినవీ అన్నీ కలిపి నష్టపరిహారం ఆఫీసుకు ఒకే ఫైలు చెయ్యాలట. అది మామూలు ఫైలు కాదు, ఎన్నేళ్ళ తర్వాతైనా, ఏ కంప్యూటర్లోనైనా ఉన్నదున్నట్టు తెరుచుకునే రకం పీడీఎఫ్. సీడీలో వేసి ఇమ్మని వకీలు చెప్పాడు.

"అన్ని అర్జీలల్ల మా ఆయన అర్జీ సూడుమని రాసి ఉన్నదట తమ్మీ. అది లేకుంటె మా ఊరోళ్ళు ఆలస్యంగ మేల్కున్నరని రాస్కుంటరట" అంది. కాగితాన్ని చెదలు తిన్నాయి. ఫ్లాపీ ఒకటి మిగిలింది. దాన్ని పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది.

"అయితదా?"

"సోమవారం రా అక్కా, అయితది."

ఏ పనికైనా నేను కాదని చెప్పింది లేదు. కాదనడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

ఆవిడ వెళ్ళాక ఫ్లాపీ తెరిస్తే తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యమధ్య ఖాళీ గళ్ళు. అప్పట్లో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో కూర్చునేవి. ఒక్కో దుకాణానికి ఒక్కో ఫాంటు ఉండేది. ఆ ఫాంటు లేకపోతే పేజీ ఇలాగే అయ్యేది. ఎవరి ఫాంటు వాళ్ళు పెళ్ళాం నగల్లా దాచుకునేవాళ్ళం.

ఈ అర్జీ టైపు కొట్టింది బస్టాండు దగ్గర డీటీపీ నడిపిన ముసలాయన, అందరికీ చాచా. ఆయన ఎదురుగానే నేను దుకాణం తెరిచి, పేజీకి ఆయన చెప్పే రేటులో పావు వంతు తగ్గించి బోర్డు పెట్టాను. రెండేళ్ళలో ఆయన షట్టర్ దించి సంగారెడ్డి వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆయన ఇంటికే వెళ్ళాలి. మిఠాయి అరకిలో కొనాలనుకుని పావుకిలోతో వెళ్ళాను.

"ఆవో సేటూ. దుకాణం అయిపాయె, ఇగ ఇల్లు సూస్తానికి వచ్చినవా?" అన్నాడు చాచా.

"ఒక్క ఫాంటు కావాలె చాచా."

"గిరాకీలందర్నీ తీస్కపోయినవ్. ఫాంటొక్కటి మిగిలిందా?"

ఎవరి అర్జీయో చెప్పాను. "గా పటేలా? రెండు దినాలు నా పక్కన కూసొని కొట్టించిండు. సచ్చిన బర్ల లెక్క కాడ ఏడ్సిండు" అని చాచా లేచి, పాత కంప్యూటర్ మీది దుప్పటి తీశాడు. ఫాంటు ఫ్లాపీలో వేసిచ్చాడు. మిఠాయి పొట్లం ముట్టుకోలేదు.

గుమ్మం దాకా వచ్చి చెప్పాడు. "సున్ బేటా. గీ ఫాంటుకు తాళమున్నది. నీ మిషన్ల ఉన్నంతసేపే కనవడ్తది, ఫైలు లోపటికి పోదు. నీ ఫాంటుల మళ్ళ కొట్టు. అయినంక నా ఫాంటు తీసేసి తెరిచి సూడు. అప్పుడు నిజం ఎరుకైతది."

సోమవారం దుకాణం నిండా జనం. బడుల్లో చేర్పించే రోజులు, అందరికీ సర్టిఫికెట్ల జిరాక్సులే. చాచా ఫాంటు వేయగానే అర్జీ అక్షరం పొల్లు పోకుండా కనబడింది. ఆరు పేజీలు. మళ్ళీ కొట్టాలంటే సగం రోజు పోతుంది. అన్నీ కలిపి పీడీఎఫ్ చెయ్యమంటే కంప్యూటర్ అడిగింది: ఒక ఫాంటు లోపలికి పోవడం లేదు, అయినా కానిమ్మంటారా? కానిమ్మన్నాను. సగం రోజు మిగిలిందని లోలోపల సంతోషించాను కూడా.

ఆవిడకు చదువు రాదు. చివర భర్త పేరెక్కడుందో అడిగి, తెర మీద ఆ చోటును చూపుడువేలితో తాకింది.

"బరాబర్ ఉందా అక్కా?"

"ఉన్నది తమ్మీ."

సీడీ గడప దాటింది.

రెండు నెలల తర్వాత ఆవిడ మళ్ళీ వచ్చింది. ఆఫీసులో మొదటి ఆరు పేజీలు పిచ్చి గీతల్లా వచ్చాయట. చదవడానికి వీలు కాలేదని రాసి, ఊరి గోడును రెండో అర్జీ తేదీ నుంచి లెక్కపెట్టారట. ఇంక కొత్త కాగితాలేవీ తీసుకోరని వకీలు చెప్పాడట. నేను పక్కవాడి రేషన్ కార్డు అందుకుని జిరాక్స్ తీశాను, అచ్చం మా నాయనలాగే. ఆవిడ కదల్లేదు.

"ఒక్కపారి తెరువు తమ్మీ."

తెరిచాను. అర్జీ చక్కగా ఉంది.

"ఉన్నది గదా?"

"ఉన్నదక్కా."

"మరి ఆడెందుకు లేదు?"

నా దగ్గర జవాబు ఉంది. రేషన్ కార్డు పక్కవాడికి తిరిగిచ్చి చిల్లర లెక్కపెట్టాను. ఆవిడే అంది: "నీళ్ళు గూడ గంతే తియ్. మా కాడ ఎర్రగుంటయి. సార్లు సీసాల పట్టుకపోయి, ఆడ సూస్తె మంచిగనే ఉన్నయంటరు."

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టేవాళ్ళతో బేరమాడటం నాకు వచ్చు. ఆవిడ చెంగు సర్దుకుని, ఇస్నాపూర్ ఆటో ఎక్కడ ఆగుతుందో నన్నే అడిగి వెళ్ళిపోయింది.

అప్పుడు చాచా ఫాంటు తీసేసి ఆ ఫైలు తెరిచాను. ఆరు పేజీలూ గళ్ళు, చుక్కలు. వాటి మధ్య అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. పొలం సర్వే నంబరు, బావి లోతు, చచ్చిన బర్లు పదకొండు.