అమ్మ కాలి మెట్టెలు

మా అమ్మకొచ్చింది నరాల జబ్బు. ముందు చేతులు పడిపోయాయి, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. తొంభైల చివర్లో నందిగామలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చేనాటికి ఆవిడకి కదిలేవి కళ్ళు, కనురెప్పలు మాత్రమే. ముక్కులో గొట్టం వేసి పాలు, జావ పోసేవాళ్ళు. ఇక నయం కాదని ముందే చెప్పేశారు.

ఆ మాట జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టున్న బజారంతా పాకింది. ఇక చుట్టాలు, పక్క కొట్లవాళ్ళింటి ఆడవాళ్ళు బస్సెక్కి రావడం మొదలుపెట్టారు. పరామర్శకనుకుంటే పొరపాటే. నాన్న ఉండగానే పోతోంది కాబట్టి అమ్మ పుణ్యస్త్రీ అట! పాదాలకు పసుపు రాసి, మెట్టెలు తాకి కళ్ళకద్దుకునేవాళ్ళు. "అదృష్టవంతురాలమ్మా" అని ఆవిడ మొహం మీదే అనేవాళ్ళు. మనిషి కళ్ళు తెరుచుకుని చూస్తూనే ఉంది కదా! నాకు ఒళ్ళు మండిపోయేది. మా మేనత్తకి మాత్రం అదో పేరంటం. వచ్చినవాళ్ళకి పసుపు గిన్నె తనే అందించేది.

బెజవాడ నుంచి వారానికోసారి నరాల డాక్టరమ్మ వచ్చేది. నయంకాని రోగుల్ని చివరి రోజుల్లో సరిగ్గా చూస్తున్నామో లేదో కనుక్కోవడం తన పనేనని చెప్పింది. ఓ రోజు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "నొప్పేమైనా ఉందా?" అని అడిగింది.

"లేదండీ, ప్రశాంతంగానే ఉంది" అన్నాను.

"మిమ్మల్ని కాదండీ. ఆవిణ్ణి అడుగుతున్నా."

ఆమె అమ్మ మొహం మీదికి వంగింది. "అమ్మా, అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్ళు మూయండి. నొప్పి ఉందా?"

అమ్మ రెప్పలు ఒకసారి మూసుకున్నాయి.

మాటలన్నీ తెలుస్తూనే ఉన్నాయన్నమాట! తలా అంటే రెండుసార్లు, వీపా అంటే రెండుసార్లు. కాళ్ళా అనగానే ఒక్కసారి గట్టిగా మూసింది.

డాక్టరమ్మ దుప్పటి తీసి, తడిగుడ్డతో పాదాల మీది పసుపంతా తుడిచింది. వాచిపోయిన వేళ్ళలోకి మెట్టెలు దిగబడిపోయి ఉన్నాయి. చుట్టూ చర్మం చిట్లి రసి కారుతోంది. ఓరి దేవుడా! అంతమంది మొక్కిన కాళ్ళు. పసుపు మీద పసుపు పూశారే గానీ ఒక్కరూ చూడలేదు. ముట్టుకున్నవాళ్ళందరూ ఆ పుండునే నొక్కి వెళ్ళారు.

"ఇవి వెంటనే తీసెయ్యాలి" అంది డాక్టరమ్మ.

మేనత్త గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, మా అన్నయ్య నిక్షేపంలా ఉండగా మెట్టెలు తీయడమేంటండీ! అరిష్టం కాదూ? ఇంకెన్నాళ్ళు లెండి, ఓర్చుకుంటుంది."

"ఓర్చుకుంటుందా? నీ వేలికి బిగించుకుని చూడత్తా!" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది.

తలుపు దగ్గర నిలబడ్డ నాన్న లోపలికొచ్చాడు. "తొడిగింది నేను. తీసేదీ నేనే" అన్నాడు. నర్సు చిన్న కటింగ్ ప్లేయరు తెచ్చిచ్చింది. నేను అమ్మ పాదం పట్టుకున్నాను. రెండు మెట్టెలూ తెగి వచ్చాయి. తగ్గిందా అని డాక్టరమ్మ కాసేపాగి అడిగితే, రెప్పలు ఒకసారి వాలాయి. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారాయి.

అప్పటికీ మేనత్త ఊరుకోలేదు. సంచిలోంచి దారం తీసి పసుపు పూసింది. "పోనీ ఇదైనా కడదాం. వదినని బోసి కాళ్ళతో పంపిస్తామా?"

నాన్న నా వైపు చూశాడు. నేను వంగి, "అమ్మా, అత్తయ్య కాలికి దారం కడతానంటోంది. కట్టమంటావా?" అని అడిగాను.

రెప్పలు రెండుసార్లు పడ్డాయి.

"ఊరికే కొట్టుకున్నాయిలేవే" అంది మేనత్త.

మళ్ళీ అడిగాను. ఈసారి అమ్మ నన్ను కాదు, మేనత్తనే చూసింది. చూస్తూ, నెమ్మదిగా, ఒకటి, రెండు.

కాపురానికొచ్చింది మొదలు అమ్మ మా మేనత్త మాట కాదనడం నేనెప్పుడూ చూడలేదు, వినలేదు. మేనత్త ఆ పసుపు దారం చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.