ఇరవై మంది చూసే టీవీ

ముత్తవ్వకు టీవీ కొనిపెట్టే పని నా నెత్తిన పడింది. కారణం పెద్దదేమీ కాదు. మా ఊరు ముడిమ్యాలలో, మా గల్లీ మొత్తానికి కారున్నది నా ఒక్కడికే. అదేదో నా సంపాదన అనుకునేరు! రోడ్డు పక్క చేను అమ్మి బాపు ఇండికా కొనిపెట్టాడు. దాంట్లో గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ ఆఫీసుల వాళ్ళను తిప్పుతుండేవాణ్ణి. భూములకు ధరలొచ్చిన ఆ రెండు మూడేళ్ళలో మా గల్లీలో కొత్త స్లాబు పడని ఇళ్ళు ఒకటీ అరా ఉన్నాయేమో గానీ, రంగుల టీవీ రాని ఇల్లు మాత్రం ముత్తవ్వది ఒక్కటే.

అంతకుముందు గల్లీ అందరికీ టీవీ ఆమె ఇంట్లోనే. ఆమె భర్త అంతయ్య మొయినాబాద్ దగ్గర కోళ్ళ ఫారంలో కాపలా ఉండేవాడు. పిల్లల్లేరు. ఇద్దరి సరదా అంతా ఆ నలుపు తెలుపు డబ్బా మీదే. సాయంత్రం కాగానే దాన్ని గడప దగ్గరికి జరిపి, మొహం వాకిట్లోకి తిప్పేవాళ్ళు. పిల్లలు ముందు, ఆడవాళ్ళు వెనక, మగవాళ్ళు గోడవారగా. ఎవరెక్కడ కూర్చోవాలో ముత్తవ్వ చెప్పాల్సిందే. ఆమె నోటికి ఊరంతా జంకేది. "ఓ బాల్‌రాజూ, నీ తలకాయేమన్న అద్దమా? జర జరుగు!" అంటే అంత పెద్ద మనిషీ కిమ్మనకుండా జరిగేవాడు. నేనూ ఆ వాకిట్లోనే, ఆమె ఉడకబెట్టిన పల్లికాయ తింటూ పెద్దవాణ్ణయ్యాను.

అంతయ్య చనిపోయిన ఏడాదే ఇంటింటికీ రంగుల టీవీలు వచ్చాయి. ఎవరికి వారే యమునా తీరే అయిపోయారు. ముత్తవ్వ పాత డబ్బా కూడా పాడై మూలన పడింది. ఆమె పొద్దంతా గులాబీ తోటలో పూలు కోసి, సాయంత్రం వచ్చి గడప మీద కూర్చునేది. నా కారు గల్లీలోకి తిరిగితే చాలు, "తిన్నవా కొడుకా?" అని అడిగేది. తిన్నానని చెప్పి ఇంట్లోకి పోయేవాణ్ణి. ఆమె తిన్నదో లేదో నేనెప్పుడూ అడగలేదు.

ఒకరోజు నా కారుకు అడ్డంగా నిలబడింది.

"చేవెళ్ళకు పోదాం పా. టీవీ తేవాలె. పెద్దది."

చేవెళ్ళలో దుకాణం చక్రపాణి గారిది. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మాట మెత్తన. గోడకు తగిలించుకునే పల్చటి టీవీలు అప్పుడప్పుడే వస్తున్నాయి. అందులో ఒకటి వేసి చూపించి, "టీవీ సైజు గదిని బట్టి తీసుకోవాలమ్మా. మీ ఇంట్లో ఎంతమంది చూస్తారండి? ఎంత దూరంలో కూర్చుంటారు?" అన్నాడు.

"ఇరవై మంది," అంది ముత్తవ్వ.

ఆయన నా వంక చూశాడు. ఒంటి మనిషండీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైన తిరుగుతున్న ఫ్యాన్ల వంక చూస్తూ నిలబడ్డాను.

ఆమె అంతటితో ఊరుకుందా? చెప్పులు విడిచి దుకాణం మధ్యలో నేల మీద చతికిలబడింది. కింద నుంచి చూసింది. ఎడమకు జరిగి చూసింది. తలుపు దాకా జరిగి అక్కడి నుంచీ చూసింది. మిక్సీ కొనడానికి వచ్చిన జంట కిసుక్కున నవ్వింది. నాకు తల కొట్టేసినట్లయింది.

"ఏమయ్యా, కింద కూసున్నోళ్ళకు మొఖాలన్ని మసి పూసినట్టు కనబడుతున్నయ్."

"వీటిని ఎదురుగా, కంటి ఎత్తులో చూడాలమ్మా. సోఫాలో కూర్చుంటే బాగుంటుంది."

"మా వాకిట్ల సోఫా ఏడికెల్లి వస్తది? పక్కకు కూసున్నోళ్ళు మనుషులు గారా?"

చేసేది లేక ఆయన లోపలి నుంచి ఇరవై తొమ్మిది అంగుళాల పాత పద్ధతి టీవీ తెప్పించాడు. ఇద్దరు మోస్తే గానీ కదలలేదు. ముత్తవ్వ మళ్ళీ కూర్చుంది. కింద, పక్కన, తలుపు దగ్గర, ఎక్కడి నుంచి చూసినా బొమ్మ ఒకేలా ఉంది. "గిది మంచిగున్నది. గిదే ఇయ్యి," అంది. నేను సిగ్గుతో చచ్చాను గానీ, ఆ రోజు ఆ దుకాణంలో టీవీని ఎట్లా ఎంచుకోవాలో తెలిసింది ఆమె ఒక్కతెకే.

ఆ సాయంత్రం వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సాన్పి చల్లి, చాపలు పరిచింది. పల్లికాయ ఉడకబెట్టింది. జనం ఒక్కొక్కరే వచ్చారు. "అబ్బ, మస్తుగున్నది అవ్వా!" అన్నారు. నాలుగు పల్లికాయలు తీసుకొని, సీరియల్ టైమైందని వెళ్ళిపోయారు. ఆ సీరియలే ఆమె టీవీలోనూ మొదలైంది. పక్కింటి వసంతమ్మ కాసేపు నిలబడింది గానీ కూర్చోలేదు. వారం రోజులు ముత్తవ్వ అన్ని చాపలూ పరిచింది. ఆ తర్వాత ఒక్కటే పరిచేది. అది చూసినప్పుడు రేపైనా పోయి కూర్చోవాలనుకునేవాణ్ణి. ఇంట్లోకి పోయి కాళ్ళు కడుక్కునేసరికి మరిచిపోయేవాణ్ణి.

పదో రోజు ఏడున్నరకు మా గల్లీలో టీవీలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కరెంటు ఉంది, బొమ్మ లేదు. "ముత్తవ్వ ఇంట్ల వస్తున్నదట!" అని ఎవరో అరిచారు. అంతే, క్షణంలో ఆమె వాకిలి నిండిపోయింది.

"పిల్లలు ముందటికి! ఓ బాల్‌రాజూ, గోడకు జరుగు! వసంతా, నువ్వు గిటు రా!"

ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో! ఏ మూల కూర్చున్నవాళ్ళకైనా బొమ్మ చక్కగా కనబడుతోంది. ఆమె నా దోసిట్లో పల్లికాయలు పోసి, చిన్నప్పటిలాగే నెత్తిన ఒక్కటిచ్చి పోయింది. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది.

అయినా నేను కుదురుగా ఉండే రకమా? జేబులో సెల్ ఫోన్ ఉందాయె. కోతులు వైర్లు తెంపినట్టున్నాయని, కేబుల్ నడిపే రాజమౌళికి అక్కడి నుంచే ఫోన్ కొట్టాను. అతను బండి మీద పావుగంటలో వచ్చాడు. గల్లీలో మొదటి కనెక్షన్ అంతయ్యది కాబట్టి, మా అందరి వైర్లూ ముత్తవ్వ ఇంటి వెనక గోడకున్న డబ్బాలోంచే పోతాయి. అటు పోయి రెండు నిమిషాలు ఏదో చేశాడు. మా ఇంట్లోంచి టీవీ మాటలు వినబడ్డాయి.

"వచ్చింది!" అంటూ అందరికంటే ముందు లేచింది నేనే. నా వెనక తక్కినవాళ్ళు బట్టలు దులుపుకుంటూ లేచారు. ఎదురుగా అదే సీరియల్, అదే సీను నడుస్తోంది. అయినా లేచాం. ముత్తవ్వ పల్లికాయల గిన్నె పట్టుకొని నిలబడింది. ఎవరినీ ఆపలేదు.

మర్నాడు పొద్దున రాజమౌళి కనబడి నవ్వాడు. "వైర్లు తెగలేదన్నా. ఆమెదొక్కటి ఉంచి తక్కినయన్ని పీకిండ్రు. డబ్బా మూత మళ్ళ మంచిగ పెట్టిండ్రు. కోతులు మూత పెడ్తయా?"

నాకు నవ్వు రాలేదు. ఈ మాట ఎవరి దగ్గరా అనొద్దని అతని చేత ఒట్టు వేయించుకున్నాను. తిన్నగా ముత్తవ్వ ఇంటికి పోయాను. గడప మీద ఆమె పక్కన కూర్చున్నాను.

"రాజమౌళికి ఫోన్ చేసింది నువ్వేనా కొడుకా?"

"నేనే చేసిన అవ్వా."

ఆమె ముఖంలో కోపం లేదు. నన్ను తిట్టినా బాగుండేది. ఖాళీ వాకిట్లోకి చూస్తూ అంది.

"ఇంకో పది నిమిషాలైతే సీరియల్ అయిపోతుండె బిడ్డా. అందాక కూసోలేకపోయినవా?"