పిన్‌బాల్ బాడుగ

మా బావగారు ఇనుప గోలీతో ఆడే పిన్‌బాల్ మిషన్‌ను పైసా ఖర్చు లేకుండా బెంగుళూరు నుంచి అనంతపురం చేర్చారని మావాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. అబద్ధం. దాని బాడుగ నేను కట్టాను.

తొంభైలలో మావారికి అనంతపురం బదిలీ అయింది. అక్కడ టైపు ఇన్‌స్టిట్యూట్ పెడదామని పాత టైపు మిషన్లు నాలుగు కొనుక్కున్నాను. మా సామాన్ల లారీ వచ్చిన ఉదయమే బావగారు తన ఆటల షాపులోని పిన్‌బాల్‌ను తెచ్చారు. అనంతపురంలో ఎవరికో అమ్మారట. పార్సిల్ ఆఫీసువాళ్లు మరీ ఎక్కువ అడిగారట. కాళ్లు విప్పి, పైన లైట్ల పెట్టె మడిచి, అద్దం పగలకుండా నా పరుపులు చుట్టి లారీ ఎక్కించారు. నేను కిందికి వచ్చేసరికి నా టైపు మిషన్లు లారీలోంచి దిగి రోడ్డుమీద ఉన్నాయి.

"అవి లేకుండా నేనేం పెట్టేది బావగారూ, పూల కొట్టా?" అన్నాను.

"స్వల్ప అడ్జస్ట్ చేసుకోమ్మా. వెనక బండిలో పంపిస్తా, యాడికి పోతాయి?"

అడ్జస్ట్ అన్నప్పుడల్లా అరచేత్తో గాలిని కిందికి నొక్కేవారు, ఎదుటిమనిషి పొంగుతున్న పాలైనట్టు.

వెనక బండి రాలేదు. మిషన్లు బెంగుళూరులోనే, నగర్తపేటలో పాత ఇనుము కింద పోయాయి. ఇన్‌స్టిట్యూట్ పెట్టనేలేదు.

బావగారు ఇప్పుడు లేరు. మావారేమో గుర్తులేదంటారు. నన్నడగలేదు సరే బావగారూ, నా మిషన్లు దించేముందు మీ తమ్ముణ్ణి అడిగారా?